యాభై దాటినవాళ్లకు

జూన్ ఇరవై ఆరు, గురువారం. ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు ప్రేమమ్మ రొమ్ము క్యాన్సర్ రిపోర్టు ఆమె ఫోన్‌కూ కూతురి ఫోన్‌కూ వచ్చింది. స్కోరు ఇరవై రెండు. కీమో అవసరం లేదని కింద రాసి ఉంది.

అప్పటికి ఫోన్ లాకర్లో ఉంది, ప్రేమమ్మ లోపల ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన విమానాలకు భోజనం కట్టి పంపే వంటశాల అది, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. పదిన్నరకు ఆమె ఆస్పత్రికని పర్మిషన్ మీద బయటికి వచ్చింది. తలకు కట్టుకున్న వల తీసి బుట్టలో వేసి, కోటు కొక్కేనికి తగిలించి, లాకరు తెరిస్తే కూతురు షెకీనా నుంచి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చూస్తుండగానే ఎనిమిదోది మోగింది.

"అమ్మా, వచ్చింది. ఇరవై రెండంట. కీమో లేదు. ఇంటున్నవా?"

"ఇంటున్న."

"ఇంటున్న అంటవేంది, జర సంతోషంగ అనరాదు? ఈడ నేను జల్‌పల్లిల గంతులేస్తున్న, కింద కిరాయికి ఉన్నోళ్లు పైకొచ్చి చూసిపోయిన్రు. ఆగు, సదువుత. యాభై దాటినవాళ్లకు, చంక గ్రంథులకు పాకనివాళ్లకు, గీ స్కోరుకు కీమోతోని అదనంగ లాభం లేదు. అంతే. ఉత్త గోలీలే. నేను సీదా దవాఖానకే వస్తున్న, పదకొండున్నరకు ఆడ ఉండు."

"మల్ల సదువు."

"ఏంది?"

"మొదట్ల ఏమన్నవో, గది."

"యాభై దాటినవాళ్లకు."

ప్రేమమ్మ బెంచీ మీద కూర్చుంది. ఆమెకు యాభై దాటలేదు. ఆధార్ కార్డులో యాభై మూడు, నిజానికి నలభై తొమ్మిది. ఈ రెంటికీ నడుమ ఉన్న నాలుగేళ్లను కలిపినవాడు ఆమె తండ్రి, ఆయన పోయి పన్నెండేళ్లు. తల్లి అంతకుముందే పోయింది. సర్టిఫికెట్ రాసిచ్చిన హెడ్మాస్టరు ఉన్నాడో లేడో తెలియదు. భర్త రవి కుమార్‌కు ఈ సంగతి తెలుసో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు, ఆయనా ఎప్పుడూ అడగలేదు. కూతురికి తెలియదు. కంపెనీకి, ఎయిర్‌పోర్టు పాసు ఇచ్చినవాళ్లకు, ఓటరు లిస్టు రాసినవాళ్లకు, ఆస్పత్రికి తెలియదు. ఆమె కూడా ఈ మధ్య కొన్నేళ్లుగా, ఎవరైనా అడిగితే, ఆలోచించకుండా ఆధార్ వయసే చెబుతోంది. ఏప్రిల్‌లో ఆస్పత్రిలోనూ అదే చెప్పింది.

సూపర్‌వైజర్ ఉపేందర్ గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టించుకుంటూ "అక్కా, ఏమన్న తెలిసిందా" అన్నాడు, "కీమో లేదంట" అని ఆమె నోరు అంది, ఆ మాట బయటికి వచ్చాక గానీ తాను అన్నట్టు ఆమెకు తెలియలేదు, "మంచిదాయె, ఇగ పరేషాన్ లేదు, చెయ్యి లేస్తే మల్ల లైన్ల నిలబడుదువు గాని" అని అతను నవ్వాడు, ఆమె వ్యాను ఎక్కింది. ఎడమ రొమ్ము తీసిన ఆపరేషన్ అయి ఆరు వారాలు. ఎడమ చేయి భుజం దాటి లేవదు, అందుకని ట్రేలు సర్దే లైనులో నుంచి తీసి ఆమెను లేబుళ్ల దగ్గర కూర్చోబెట్టారు. ప్రతి డబ్బా మీద వండిన తేదీ, టైము, వాడాల్సిన గడువు. రోజుకో రంగు, గురువారానికి గోధుమ రంగు. గడువు దాటిన డబ్బాను పారేయాలి, మూత తీసి వాసన చూడకూడదు, రుచి చూడకూడదు. చేరిన కొత్తలో ఒకరోజు నలభై డబ్బాల పప్పు పారబోస్తుంటే "మంచిగనే ఉన్నది గద తమ్మీ" అంది ప్రేమమ్మ, అప్పుడు ఉపేందర్ కూడా కొత్తవాడే, మీసం కూడా సరిగా రాలేదు, అయినా సూపర్‌వైజరులాగే జవాబు చెప్పాడు, "పప్పు ఏం చెప్తదో మనకెందుకక్కా, కాగితం ఏం చెప్తదో గదే పప్పు." పదిహేడేళ్లయింది. ఈ పదిహేడేళ్లలో ఆమె కాగితం మాట కాదని ఒక్క డబ్బా కూడా విమానం ఎక్కించలేదు.

వ్యాను ఎయిర్‌పోర్టు రోడ్డు మీద పోతోంది, పైన ఒక విమానం చక్రాలు దించుకుని కిందికి వస్తోంది, ఆమె దాన్ని చూడలేదు, ఏప్రిల్‌లో డాక్టర్ సుమలత గదిలో గోడకు ఉన్న గడియారాన్ని మనసులో చూస్తోంది. డాక్టరు గుంటూరు వైపు మనిషి, ప్రతి మాటకూ అండీ అంటారు. "రెండు సంగతులు చూస్తామండీ. ఒకటి గడ్డ చెప్పేది. గడ్డలో ముక్క తీసి పంపితే అందులో కొన్ని జన్యువులు ఎంత హుషారుగా ఉన్నాయో కొలిచి ఒక అంకె ఇస్తారు. రెండోది మీరు చెప్పేది. మీ వయసు, మీ నెలసరి ఆగిందా లేదా, గడ్డ సైజు, గ్రంథులు. ఈ రెండూ కలిపితేనే రేపు ఇది తిరగబెడుతుందా లేదా అన్నది ఒక అంచనా దొరుకుతుంది. ఒక్కదానితో చెప్పలేం." గడ్డ సైజు వాళ్లే కొలిచారు, రెండు పాయింట్ మూడు సెంటీమీటర్లు. గ్రంథులు వాళ్లే తీసి చూశారు, పాకలేదు. గడ్డ ముక్కను డబ్బాలో పెట్టి, సీలు వేసి, పరీక్షకు పంపారు, అది ఇదే రోడ్డు మీదుగా ఎయిర్‌పోర్టుకు పోయి విమానం ఎక్కి ఉంటుంది. అవన్నీ సరిగానే జరిగాయి. మిగిలింది ఆమె చెప్పాల్సిన రెండు సంగతులు. కౌంటరు దగ్గర మధు అనే అతను కంప్యూటరు ముందు కూర్చుని వయసెంతమ్మా అన్నాడు, ఆమె ఆధార్ కార్డు ముందుకు జరిపింది, అతను చూసి కొట్టుకున్నాడు. నెలసరి ఆగిందా అన్నాడు. "గర్భసంచి తీసేసిన్రు సార్" అంది. "ఎప్పుడు?" "శానా ఏండ్లాయె." అతను నెలసరి ఆగింది అన్న చోట ఒక టిక్కు పెట్టాడు. వెనకాల పద్నాలుగు మంది ఉన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

శంషాబాద్ స్టాపులో దిగేసరికి పదీ యాభై. బస్సు రాలేదు. రవి కుమార్ ఫోన్ చేశాడు, వెనక ఆటో ఇంజను చప్పుడు, "బిడ్డ చెప్పింది. అయ్యగారికి చెప్పిన, ఆదివారం కృతజ్ఞత ప్రార్థన పెడుతమన్నడు. సంఘమంతా మోకాళ్ల మీద ఉన్నది గద మూడు నెలల సంది. ఒక్క మాట నువ్వే లేచి చెప్పాలె అన్నడు." ఆమె "ఊ" అంది. "ఊ అంటె సరిపోదు, సాక్ష్యం చెప్పాలె" అన్నాడు, ఎవరో ప్యాసింజరు ఎక్కినట్టున్నాడు, పెట్టేశాడు. సాక్ష్యం. ఆమె కుడి చేతిలోకి సంచి మార్చుకుంది, ఎడమ చేతితో బరువు మోయకూడదు, మళ్లీ మరిచిపోయి ఎడమ చేతికే మార్చుకుంది, మళ్లీ కుడి చేతికి. అవతలి పక్క చెరుకు రసం బండి గంటలు మోగుతున్నాయి. సంఘమంతా లేచి ఉంటుంది, ఆమె నిలబడి దేవుడు నన్ను కీమో నుంచి తప్పించాడు అని చెప్పాలి. తప్పించింది దేవుడా, పుట్టినూరు మామిడిపల్లి హెడ్మాస్టరా.

బస్సు వచ్చింది. సీటు దొరికింది, కిటికీ పక్క, కూర్చుని, రెండు నిమిషాలకు లేచి ఇవతలి సీటుకు మారింది, ఎండ ఎడమ పక్కకు కొడుతోంది, కోసిన చోట ఎండ తగిలితే చీమలు పాకినట్టు ఉంటుంది. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు గానీ కార్డు చూపించాలి. కండక్టర్ మంజుల ముందు సీటులో ఉన్న ముసలామె దగ్గర ఆగింది.

"కార్డు తియ్యి పెద్దమ్మా."

"నిన్న చూపిచ్చిన గద బిడ్డా."

"నిన్నటి టికెట్ నిన్ననే అయిపాయె. తియ్యి. గిది నువ్వేనా?"

"నేను గాకపోతె మీ అత్తనా?"

"మా అత్త ఫొటోల గూడ నవ్వది. డెబ్బై ఆరని ఉన్నది, గట్ల లేవు గద నువ్వు."

"పింఛనుకని మా పెద్దోడు రాయించిండు. నేను పుట్టినప్పుడు గడియారం చూసినోడెవడే."

బస్సులో నలుగురు నవ్వారు. మంజుల టికెట్ చింపి ఇచ్చి, ప్రేమమ్మ కార్డు చేతిలోకి తీసుకుని, ఊరి పేరు చూసి, తిరిగి ఇచ్చింది. పుట్టిన తేదీ చూడలేదు. జూన్ ఒకటి, పంతొమ్మిది వందల డెబ్బై రెండు. బడి తెరిచే నెల కాబట్టి హెడ్మాస్టర్లు అందరికీ జూన్ ఒకటే రాసేవాళ్లు, ప్రేమమ్మ వయసు వాళ్లలో సగం మంది కార్డుల మీద అదే తేదీన పుట్టి ఉంటారు. ముసలామెకు పెరిగిన ఏళ్ల వల్ల పింఛను వచ్చింది, నష్టమేమీ లేదు. ఎవరికీ ఏ నష్టమూ లేకుండా ముప్ఫై నాలుగేళ్లు గడిచాయి. ఆమె కార్డు తిరిగి సంచిలో పెట్టబోయి పెట్టకుండా చేతిలోనే ఉంచుకుంది.

ముప్ఫై నాలుగేళ్ల కిందట, తొంభై ఒకటి ఏప్రిల్‌లో, తల్లి పోయి నలభై రోజులు కూడా కాలేదు, ఇంట్లో ముగ్గురు అన్నలు, బాపు, ఆమె. బాపు పగలంతా ద్రాక్షతోటలో కూలికి పోయేవాడు, అన్నలు కాటేదాన్‌లో ఫ్యాక్టరీలకు, ఇంట్లో ఆమె ఒక్కతే, తలుపు పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే బాపు వచ్చి "శంషాబాద్ సంబంధం, పిల్లగాడు మంచోడు, తాగడు" అన్నాడు. ఆమెకు పదిహేను. శంషాబాద్ గుడిలో జయశీలన్ అయ్యగారు పద్దెనిమిది నిండినట్టు కాగితం లేకుండా పెళ్లి చెయ్యడు, అది అందరికీ తెలుసు. మామిడిపల్లి గుడిలో చేస్తే బాప్తిస్మం రిజిస్టరు అక్కడే బీరువాలో ఉంది. అందుకని పెళ్లి పిల్లగాడి ఊళ్లో అన్నారు. హెడ్మాస్టరు నాలుగేళ్లు ముందుకు జరిపి రాసిచ్చాడు. ఇంట్లో బైబిలు మొదటి పేజీలో తల్లి పెన్సిలుతో నలుగురు పిల్లల పుట్టినరోజులు రాసుకుంది, బాపు ఆ పేజీని బ్లేడుతో కోశాడు, చింపలేదు, అంచు వెంట కోశాడు, కోసి మడిచి ఎక్కడ పెట్టాడో మళ్లీ ఎవరూ చూడలేదు. శంషాబాద్ గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. ఫలానా వరుడు, ఫలానా వధువు, వీరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పవలెను. మొదటి ఆదివారం ఆమె చాప మీద ఆడవాళ్లలో కూర్చుని ఉంది, అయ్యగారు అద్దాలలోంచి సంఘమంతా చూసి ఆగాడు. ఆమె పక్కన, ఆమెతో పాటు ఏడో తరగతి చదివి మామిడిపల్లి నుంచి తోడు వచ్చిన పిల్ల కూర్చుని ఉంది, ఆ పిల్ల ఆమె మోచేతిని గిల్లింది. రెండో ఆదివారం ఆగాడు. మూడో ఆదివారం ఆగాడు. అడిగింది అందరినీ, అందరిలో ఆమె కూడా ఉంది. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, ఇప్పుడు శాతంరాయి దగ్గర లారీ వెనక బస్సు ఆగి ఉండగా తట్టింది. అభ్యంతరం ఎవరికైనా అంటే తనకైనా అని.

లారీ కదలలేదు. ఎవరో దిగి చూసి వచ్చి, ముందర పైపులైను పని, పది నిమిషాలు అన్నారు. పదకొండూ ఐదు. ఆమె ఫోను తీసి రిపోర్టు తెరిచింది. ఇంగ్లీషు ఆమెకు రాదు, అంకెలు వస్తాయి, కొన్ని గుర్తులు వస్తాయి. రెండో పేజీలో అడుగున ఒక పట్టిక ఉంది, రెండు వరసలు. పై వరసలో యాభై అంకె, దాని ముందు నోరు తెరిచిన గుర్తు. అది ఆమెకు తెలుసు, వంటశాలలో వేడి డబ్బాల గది తలుపు మీద అరవై ఐదు ముందు అదే గుర్తు ఉంటుంది, అంతకంటే పైన అని. కింది వరసలో అదే యాభై ముందు నోరు అటు తిప్పి, కింద ఒక గీత. అది చల్లని గది తలుపు మీద ఉంటుంది, ఐదు గానీ ఐదు లోపల గానీ అని. పై వరస చివర ఒకటి లోపల అని ఉంది. కింది వరస చివర ఆరున్నర. షెకీనా పై వరసే చదివింది. కింది వరస తమది కాదు కాబట్టి చదవలేదు. ఆరున్నర అంటే ఏమిటో ఆమెకు డాక్టరు ఏప్రిల్‌లో చెప్పిన లెక్కే గుర్తుంది, వందమందికి కీమో ఇస్తే అందులో ఎంతమందికి పనికొస్తుందో ఆ అంకె అని. వందమందిలో ఆరుగురు, ఏడో మనిషి సగం. ఈ బస్సులో యాభై మంది ఉంటారు. ఇలాంటి బస్సులు రెండు. ఆమె ముందు సీటు నుంచి లెక్క పెట్టింది, ముసలామె, ఆమె పక్కన కాలేజీ పిల్ల, ఆ తర్వాత సంచులతో ఇద్దరు, ఆరో మనిషి దగ్గర ఆగింది. ఫోను కట్టేసింది. మళ్లీ తెరిచింది. నోళ్లు రెండూ అలాగే ఉన్నాయి.

ఆరుగురే. తొంభై ముగ్గురికి అది ఉత్త బాధే. రేణుకమ్మను చూసింది ఆమె, గల్లీలో నాలుగిళ్ల అవతల, రెండేళ్ల కింద, కీమో నడుస్తుంటే, మంచినీళ్లు తాగితే ఇనుము వాసన వేస్తోందని గ్లాసు గోడకేసి కొట్టింది, మెట్ల మీద స్కార్ఫు కట్టుకుని కూర్చుని వచ్చేపోయేవాళ్లను పేరు పెట్టి పిలిచేది, మనుషులు తనను గుర్తుపట్టకుండా పోతారేమోనని తానే ముందు పిలిచేది. మొన్న ప్రేమమ్మను చూడటానికి వచ్చి మంచం మీద కూర్చుని "చావైతె గాదే, మూడు నెలలు నువ్వు నువ్వు గావు, గంతే, మీ ఆయనకు ముందే చెప్పి పెట్టు" అంది, బొట్టు సరి చేసుకుని నవ్వింది, జుట్టు భుజాల దాకా వచ్చింది. ఆ మూడు నెలలు తప్పాయని ఈపాటికి రేణుకమ్మకు కూడా తెలిసి ఉంటుంది, రవి కుమార్ గల్లీ మొదటి నుంచీ చెప్పుకుంటూ పోయి ఉంటాడు. ఏం పోతుంది, నోరు మూసుకుంటే. కార్డులో ఉన్నదే చెప్పింది, అబద్ధం చెప్పలేదు. కార్డు అబద్ధం అంటే పాసు అబద్ధం, పోలీసులు వచ్చి ఎంక్వయిరీ చేసి ఇచ్చిన పాసు, కంపెనీ చేర్చుకున్న వయసు అబద్ధం, గుడి రిజిస్టర్లో జయశీలన్ అయ్యగారి సంతకం కింద ఉన్న పెళ్లి అబద్ధం, బాపు అబద్ధాలకోరు. సమాధిలో ఉన్నవాణ్ని లేపి నిలబెట్టాలి. పోనీ తనకే గుర్తు తప్పేమో, నిజంగా డెబ్బై రెండేనేమో. కాదు. చిన్నన్న సర్టిఫికెట్ కోసం మామిడిపల్లి గుడికి పోయినప్పుడు బీరువా తీసి రిజిస్టరు తిప్పుతుంటే ఆమె పక్కనే నిలబడి ఉంది, అన్న పేరు, అది దాటి రెండు పేజీల అవతల ఆమె పేరు, డెబ్బై ఆరు ఈస్టరు రోజు, పుట్టింది ఫిబ్రవరి, వయసు రెండు నెలలు. చూసి ఏమీ అనలేదు. పేజీ తిప్పారు.

లారీ కదిలింది, బస్సు కదిలింది, గగన్‌పహాడ్ గుట్ట కనిపించి పోయింది. ఆమె మళ్లీ కిటికీ పక్కకు జరిగింది. వయసు సంగతి పోనీ, గర్భసంచి. రెండు వేల ఐదులో, కడుపులో నొప్పి అంటే శంషాబాద్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో తీసేశారు, గల్లీలో ఆ రెండేళ్లలో ఐదుగురికి తీశారు, అదొక టీకా లాగా. ఏమేం తీశారో అడగలేదు, వాళ్లు చెప్పలేదు, కాగితం ఇల్లు మారినప్పుడు పోయింది. అప్పుడు కాగితం మీద ముప్ఫై మూడు, ఒంటికి ఇరవై తొమ్మిది. ఆ తర్వాత మైల గుడ్డలు లేవు, క్యాలెండరు మీద గుర్తులు లేవు, అందరూ ఆగిపోయింది అన్నారు, ఆమె కూడా అంది. కానీ నెలకో నాలుగు రోజులు రెండు రొమ్ములూ బరువెక్కేవి. రవిక బిగుతయ్యేది. ఊరికే ఏడుపు వచ్చేది, ట్రేల లైనులో నిలబడి స్పూను, ఫోర్కు, ఉప్పు పొట్లం సర్దుతూ కళ్లు తుడుచుకుంటే పక్కనున్న భాగ్యలక్ష్మి "అక్కకు పున్నమొచ్చింది" అని ఎగతాళి చేసేది. నాలుగు రోజులకు తగ్గేది. ఇరవై ఏళ్లు అలాగే. గడ్డ మొదట చేతికి తగిలింది కూడా ఆ నాలుగు రోజుల్లోనే, ఆ బరువే అనుకుని నాలుగు రోజులు ఆగింది, ఆ తర్వాత ఇంకో నాలుగు. ఈ నెల పదో తేదీ నుంచి పద్నాలుగు దాకా, మిగిలిన ఒక్క కుడి రొమ్ము బరువెక్కింది. ఆగిపోతే ఎందుకు బరువెక్కుతుంది. ఈ మాట మధు అడగలేదు. అతని కంప్యూటర్లో ఆ గడి లేదు. పప్పు ఏం చెబుతుందో అని అనుకుంది, అనుకుని మైలార్‌దేవ్‌పల్లి స్టాపు దాటిపోబోతుంటే గొంతు చించుకుని ఆపమంది. మంజుల "నిద్రపోయినవా అక్కా" అంటూ విజిలు వేసింది.

దిగి నడుస్తుంటే కాలు వేగంగా పడింది, మళ్లీ ఆగింది, మందుల షాపు ముందు నిలబడి చెప్పులో రాయి తీసుకుంది, రాయి లేదు. పదకొండూ ఇరవై ఎనిమిది. ఆస్పత్రి మెట్ల మీద షెకీనా, హెల్మెట్ చేతికి తగిలించుకుని, కోవా డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"డాక్టరమ్మకు తెచ్చిన. నీకు గాదు, నీకు షుగర్ ఉన్నది."

"లోపటికి పోదాం పా."

"ముఖం ఏంది గట్ల పెట్టినవు? ఫెయిలైనోళ్లు గూడ నీకంటె మంచిగుంటరు."

ప్రేమమ్మ కూతురి ముఖం చూసింది. ముప్ఫై రెండేళ్ల ముఖం. దాని వయసు సరిగ్గానే రాయించింది, ఆస్పత్రిలో పుట్టిన రోజే, నర్సు చేత, రెండుసార్లు చదివించుకుని. అది పుట్టేనాటికి తనకు పదిహేడు. ఈ పిల్ల ఎన్నడైనా తీసివేత చేసి చూసుకుందా, చేసినా తప్పు వయసులో నుంచే కదా తీసేది.

డాక్టర్ సుమలత రిపోర్టు ముందే చూసి పెట్టుకున్నారు. "కూర్చోండమ్మా. మంచి కబురే. రోజుకొక మాత్ర, ఐదేళ్లు. ఈ మాత్ర నెలసరి ఆగినవాళ్లకు బాగా పనిచేస్తుందండీ" అంటూ చీటీ మీద రాయడం మొదలుపెట్టారు. మందు పేరు సగం రాశారు.

"మేడమ్, నాకు యాభై దాటలె."

పెన్ను ఆగింది.

"ఆధార్‌లో యాభై మూడు ఉందండీ."

"అది మా బాపు రాయించింది. పెండ్లికి. నాకు నలభై తొమ్మిది."

"అమ్మా, ఏం మాట్లాడుతున్నవ్?" అంది షెకీనా.

"నువ్వాగు. మేడమ్, ఇంకోటి. గర్భసంచే తీసిన్రు. అండాలు తీసిన్రో లేదో నాకెరుక లేదు. నాకైతె నెల నెలా రొమ్ము బరువైతది. మొన్న పదో తారీఖు గూడ అయింది. గా పట్టికల నాది కింది లైను."

డాక్టరు ఆమె వైపు చూశారు, తర్వాత స్క్రీన్ వైపు. "కింది లైను అని మీకెవరు చెప్పారండీ?"

"గుర్తు చూసిన. మా దగ్గర ఫ్రిజ్‌ల మీద ఉంటది."

షెకీనా కోవా డబ్బా నేల మీద పెట్టింది. "మేడమ్, మా అమ్మ భయపడ్తున్నది, గంతే. కార్డుల ఉన్నది గద."

"బిడ్డా, నువ్వు పుట్టినప్పుడు నాకు పదిహేడు. లెక్క చూస్కో."

ప్రేమమ్మ కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. "దీనికి రుజువు కావాల్నంటె మామిడిపల్లి గుడిల ఉన్నది, తెస్త. పాసుకు ఏమన్నైతదా మేడమ్? కంపెనీకి చెప్తరా?"

"కంపెనీతో నాకు పని లేదండీ. మీ ఆధార్ నంబరు దగ్గర ఆధార్ వయసే ఉంటుంది. నా కేస్ షీటులో మీ వయసు ఉంటుంది." డాక్టరు సగం రాసిన చీటీ చింపారు. "రుజువు మీ రక్తం చెబుతుంది. హార్మోన్లు చూస్తే అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. పనిచేస్తుంటే ఈ మాత్ర మీకు పనిచేయదు. కీమో గురించి కూడా మళ్లీ మాట్లాడుకోవాలి. మాట్లాడటమంటే, ఇవ్వాల్సి రావచ్చు. అర్థమవుతోందా?"

"అయితంది."

"ఇప్పుడెందుకు చెప్పారు, ముందు చెప్పలేదే?"

"ముందు ఎవరు అడగలె మేడమ్. కార్డు అడిగిన్రు."

కేస్ షీటు మొదటి పేజీలో వయసు దగ్గర 53 కొట్టేసి 49 రాశారు. నెలసరి దగ్గర ఉన్న టిక్కు కొట్టేసి, తెలియదు అని రాశారు. పక్కన డాక్టరు సంతకం, తేదీ. పన్నెండూ ఐదుకు కుడి చేతి నుంచి రక్తం తీశారు. షెకీనా తల్లి పక్కన నిలబడి దూది పట్టుకుంది.

మరునాడు సాయంత్రం నాలుగున్నరకు రక్తం రిపోర్టు వచ్చింది. అండాశయాలు పనిచేస్తున్నాయి. మొదటి కీమోకు జూలై ఎనిమిది, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటలు అని రాసి ఇచ్చారు. చీటీ మీద పేషెంటు వయసు నలభై తొమ్మిది.